నది చేత మాట్లాడించకు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిక్కడపల్లి,
హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథల కట్ట అందింది. నీ ఈడు మనవరాలు ఉంది నాకు, అందుకని 'నువ్వు' అనే రాస్తాను. ఉత్తరంలో మాటిమాటికీ నన్ను 'గురువుగారూ' అన్నావు. ఆ పిలుపు మానుకో. నేను చిన్ననీటి పారుదల కార్యాలయంలో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే దిగిపోయినవాణ్ణి. మధ్యలో కొన్ని కథలు రాశాను, అంతే.

'నేను మూసీని. నాకు కోపం వచ్చింది.' నీ మొదటి కథ ఇలా మొదలైంది. కాగితాలు అవతల పెట్టి, కాఫీ తాగి వచ్చి మళ్లీ తీశాను. రెండో పేజీలో మూసీ ఏడుస్తోంది. నాలుగో పేజీలో వికటంగా నవ్వుతోంది. ఏడో పేజీకి వచ్చేసరికి మనిషి దురాశ మీద ఉపన్యాసం అందుకుంది. ఈ మధ్య ఎవరి కథ తీసినా ఇదే వరస. నది మాట్లాడుతుంది, మర్రిచెట్టు మాట్లాడుతుంది, తుపాను తన ఆత్మకథ చెప్పుకుంటుంది. పోటీలవాళ్లు బహుమతులు కూడా ఇస్తున్నారు. నోరున్న మనుషులు మాత్రం ఆ కథల్లో శవాలై తేలడానికే పనికొస్తున్నారు.

మూసీకి కోపం రాలేదమ్మా. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదు వరదలో ఏం జరిగిందో కొంచెం ఓపికగా విను. వాన ఆగకుండా కురిసింది, నిజమే. కానీ ఎగువన ఉన్న చెరువులన్నీ గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. పై కట్టకు గండి పడితే ఆ నీళ్లన్నీ ఒక్కపెట్టున కింది కట్ట మీద పడతాయి. దానికి తట్టుకునే బలం ఉండదు, అదీ తెగుతుంది. అలా ఒకదాని వెనక ఒకటి రెండు వందలకు పైగా చెరువులు తెగాయి. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపిస్తే ఆయన చూసింది ఈ లెక్కే. నదికి ఎంత కోపం వచ్చిందని ఆయన అడగలేదు. ఎగువన ఎంత నేల మీద ఎంత వాన పడింది, ఏ కట్ట ఎక్కడ తెగింది, ఆ నీటిని ఊరికి పైనే ఆపాలంటే ఎంత జలాశయం కావాలి అని అడిగాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చింది ఆ ప్రశ్నల వల్లనే. నీ కథలో ఇందులో ఒక్క ముక్క లేదు. పురానాపూల్ తప్ప మిగిలిన వంతెనలు కొట్టుకుపోయాయని రాశావు, సరే. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారని రాశావు, అదీ సరే. ఆ రెండూ గోడమీది ఫలకం చదివినవాడికి కూడా తెలుసు.

అసలు ఆ వరదను చూసి, నెత్తిన మోసి, తర్వాత బతికి రాసినవాడు ఒకడున్నాడు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ. తల్లిని, భార్యను, కూతురును ఆ నీళ్లు తీసుకుపోయాయి. ఆయన కవిత అనువాదంలోనైనా చదువు. అంతటివాడే తన మాట తాను చెప్పుకున్నాడు.

నేను ఇంత చిరాకు పడటానికి కారణముంది. 'ప్రకృతి ఆగ్రహించింది' అని రాసిన క్షణాన కేసు మూతపడుతుంది. దోషి దొరికాడు, దోషి పేరు ప్రకృతి, ఆమెకు సమన్లు పంపడం ఎవరివల్లా కాదు. ఇక మనకు మిగిలేది ఏడవడమే. నా మాట వింటే, నువ్వు రాసే ప్రతి విపత్తు కథ ముందు రోజు మధ్యాహ్నం మొదలవ్వాలి. కొన్నిసార్లు ముందు సంవత్సరం. ఎవరు ఏ కాగితం మీద సంతకం పెట్టారు, ఎవరు ఏ మరమ్మతు వాయిదా వేశారు, ఎవరు చూసి చెప్పినా ఎవరు వినలేదు. కథ అక్కడుంది.

భోపాల్ తీసుకో. నువ్వు 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి తెల్లటి పొగతో మొదలుపెట్టావు. అందరూ అక్కడే మొదలుపెడతారు. నేనైతే ఆ వేసవి నుంచి మొదలుపెడతాను. ఆ పురుగుమందుల కర్మాగారంలో మిథైల్ ఐసోసయనేట్ అనే విషరసాయనాన్ని చల్లగా ఉంచాల్సిన శీతలీకరణ యంత్రాన్ని ఆ వేసవిలోనే ఆపేశారు. వాయువును కడిగి శుభ్రం చేసే స్క్రబ్బర్ సిద్ధంగా లేదు. మిగిలినదాన్ని కాల్చేసే మంట గోపురానికి వెళ్లే గొట్టాన్ని మరమ్మతు కోసం విప్పి ఉంచారు. ఇవన్నీ పగటిపూట, జీతం తీసుకునే మనుషులు, ఖర్చు తగ్గించాలని చేసిన పనులు. రాజ్‌కుమార్ కేస్వానీ అనే విలేకరి 1982 నుంచే ఊరికి ముప్పు పొంచి ఉందని తన చిన్న పత్రికలో రాస్తూ వచ్చాడు. నీ కథలో ఆయనకు చోటు దొరకలేదు గానీ, చందమామకు ఒక పేరా దొరికింది.

లాతూరు భూకంపం కథలోనూ అంతే. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున భూమాత ఒళ్లు విరుచుకుందట! ముందు రాత్రి వినాయక నిమజ్జనం చేసుకుని జనం ఆలస్యంగా పడుకున్నారు. ఆ ఊళ్లలో గోడలు మట్టి పెట్టి పేర్చిన బండరాళ్లు, పైన మందపాటి మట్టి మిద్దె. ప్రాణాలు తీసింది ఆ గోడలూ ఆ మిద్దెలూ. ప్రభుత్వ లెక్కలోనే ఏడు వేలకు పైగా మరణాలు. ఆ తెల్లవారుజామున ఇక్కడ హైదరాబాదులో మంచాలు కదిలి మేమంతా వీధిలోకి వచ్చి నిలబడ్డాం. కాసేపటికి ఎవరి ఇంట్లోకి వాళ్లు వెళ్లి పడుకున్నాం. మా ఇళ్లు నిలబడ్డాయి.

ఇలా రాస్తే కథ నివేదికలా తయారవుతుందని నీకు అనిపిస్తుంది. నాకు ఆ మాట బాగా అలవాటే. ఒక వారపత్రిక సంపాదకుడు నాతో అన్న మాటే అది. నా కథలో ఒక నీరటికాడు ఉండేవాడు. నీరటికాడంటే తెలుసుగా, చెరువు తూము తెరిచి మూసి, పొలాలకు నీళ్లు వంతుల ప్రకారం వదిలేవాడు. వానాకాలం రాత్రి లాంతరు పట్టుకుని కట్ట కింది వైపు నడుస్తాడు. కట్ట అడుగున ఊట కనిపిస్తే వంగి దోసిట్లోకి తీసుకుని వెలుగులో చూస్తాడు. నీళ్లు తేటగా ఉంటే భయం లేదు, ప్రతి కట్టా కొంచెం ఊరుతుంది. నీళ్లు ఎర్రగా, మట్టితో వస్తే మాత్రం లోపల బుంగ పడిందన్నమాట. మట్టి కొట్టుకుపోతోంది. ఇక ఊరు లేపాల్సిందే. నా కథంతా ఆ దోసెడు నీళ్ల మీద నిలబడింది. ఆ సంపాదకుడు ఏమన్నాడనుకున్నావు? 'పాఠకులకు తూములూ బుంగలూ ఎందుకండీ, చివర్లో తల్లి శవం మీద పసిబిడ్డ పాకుతున్నట్టు పెట్టండి, బొమ్మ వేయించుకోవడానికి కూడా బాగుంటుంది' అన్నాడు. నేను పెట్టలేదు, ఆయన వెయ్యలేదు. ఆ కథ కొన్నేళ్లు నా బీరువాలో పడి ఉంది. చివరికి నల్లగొండ నుంచి వచ్చే ఒక చిన్న పత్రిక వేసింది. పారితోషికం కింద రెండు కాపీలు పంపారు. ఒకటి ఎలుకలు తిన్నాయి.

ఆ సంపాదకుడి వారసులు ఇప్పుడూ ఉన్నారు. నవంబరు వస్తే ఫోను మోగుతుంది, 'దివిసీమ ఉప్పెన సంస్మరణకు ఒక మంచి కన్నీటి కథ కావాలి' అని. డిసెంబరుకు భోపాల్, సెప్టెంబరుకు మూసీ. తద్దినాల మంత్రాలు చదివించినట్టు చదివిస్తారు మన చేత. నిన్ను కూడా అడుగుతారు. రాయకు. వాళ్లు అడగని నెలలో రాయి.

నీరటికాడి కథకు తిప్పలు అంతటితో ఆగలేదు. 2005 అక్టోబరు 29 తెల్లవారకముందు వలిగొండ దగ్గర ఎగువన ఒక చెరువు తెగింది. ఆ వరదకు రైలు వంతెన కొట్టుకుపోయింది. చీకట్లో రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ప్యాసింజర్ పెట్టెలు నీళ్లలోకి దిగిపోయాయి. వందమందికి పైగా పోయారు. అదే సాయంత్రం ఢిల్లీలో బాంబులు పేలాయి, దేశం చూపు అటు మళ్లింది. నేను మాత్రం చెరువు దగ్గరే ఆగిపోయాను. ఆ రాత్రి కట్ట మీద ఎవరైనా నడిచారా? నడవాల్సిన మనిషి ఉద్యోగం అసలు ఉందా? మా చిన్నప్పుడు ప్రతి చెరువుకూ ఒక నీరటికాడు ఉండేవాడు, పంటలో వాటా తీసుకునేవాడు. ఆ కుటుంబాలు ఆ పని వదిలి పట్నం వచ్చేశాయి. మా వీధి చివర అపార్టుమెంటు కాపలాదారు అలాంటి ఇంటివాడే. ఇప్పుడతను సాయంత్రం మోటారు వేసి ట్యాంకు నింపుతాడు. ఈ విషయం మీద ఒక నవల మొదలుపెట్టి వదిలేశాను. కావాలంటే నువ్వు తీసుకో.

ఇక నీ ముందుమాట. పాంపే నుంచి పాశమైలారం దాకా చావుల పట్టిక వేశావు. 1839 కోరంగి ఉప్పెనలో మూడు లక్షల మంది అన్నావు. అది పుస్తకం మీద నుంచి పుస్తకం మీదికి ఎక్కి వచ్చిన అంకె. ఒక రేవు పట్టణంలోనూ దాని చుట్టు పల్లెల్లోనూ ఆ రోజుల్లో అంతమంది ఎక్కడ ఉంటారని నీకు ఒక్కసారైనా అనుమానం రాలేదా? అంకె పెద్దదైతే దుఃఖం పెద్దదవుతుందనుకోవడం విలేకరుల జబ్బు.

అంకెలు వాడవద్దని కాదు. పనిచేసే అంకెను వాడు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో దాదాపు పదివేల మంది పోయారు. 1990 మేలో అదే కోస్తా మీదికి, గాలి బలంలో ఏమాత్రం తీసిపోని తుపాను వచ్చింది. ఈసారి పోయినవాళ్లు వెయ్యికి లోపు. సముద్రం అదే, గాలీ అదే. మధ్యలో పదమూడేళ్లలో తుపాను షెల్టర్లు కట్టారు, ముందుగా హెచ్చరించారు, లక్షల మందిని లారీలెక్కించి తరలించారు. ఇల్లు వదిలి రానని మంచం కోడు పట్టుకుని కూర్చున్న ముసలమ్మను ఎత్తి లారీలో వేసిన రెవెన్యూ ఉద్యోగి ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఆ మనిషి మీద ఇంతవరకు మన భాషలో కథ చదివిన గుర్తు లేదు నాకు. చావు జరగలేదు కదా, ఇంకేం కథ అంటారు!

కరువుదీ ఇదే సంగతి. 1877లో మద్రాసు రాజధానిలో జనం ఎముకల గూళ్లవుతుంటే బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని ఖరారు చేశాడు. పౌను అంటే మన లెక్కలో అర కిలో కూడా కాదు. దాంతో రోజంతా మట్టి తవ్వాలి. అవతల రేవుల్లోంచి ధాన్యం ఓడలెక్కి పోతూనే ఉంది. నీ కరువు కథలో 'వరుణుడు ముఖం చాటేశాడు' అని ఉంది. వరుణుడి సంగతి తర్వాత చూద్దాం, ముందు టెంపుల్ దొర తక్కెడ చూపించు. ఆ తక్కెడలో అర కిలోకు తక్కువ గింజలు పోయించి, ఆకలితో ఉన్నవాడి కళ్ల ముందు ముల్లు ఎక్కడ ఆగిందో రాయి.

ఇన్ని తిట్టాక ఒక మాట చెప్పాలి. దివిసీమ కథలో ఉప్పెన మర్నాడు ముసలాయన పలుపుతాడు చేతిలో పట్టుకుని గేదె కోసం తిరుగుతాడు చూడు, ఆ అర పేజీ నువ్వు ఎక్కడ నుంచి తెచ్చావో గానీ, నాకు ఆ పూట అన్నం సహించలేదు. దారిలో మనుషుల శవాలు కనిపిస్తున్నా ఆయన గేదెనే పిలుస్తుంటాడు. అక్కడ ఆపి ఉంటే ఈ ఉత్తరం ఇంత పొడుగు అయ్యేది కాదు. నువ్వు ఆపలేదు. 'ఆయన జీవితం ప్రశ్నార్థకంగా మిగిలింది' అని తగిలించావు. ఆ వాక్యం కొట్టెయ్. దాని తర్వాతి పేరా కూడా. ఆ గేదె ఈనడానికి ఎన్ని రోజులు ఉందో, దాని మీద తెచ్చిన అప్పు ఎవరిదో, అవి ముందు పేజీలోకి తీసుకురా.

తార్నాకలో పాత ప్రభుత్వ పత్రాలు భద్రపరిచే రాష్ట్ర ఆర్కైవ్స్ కార్యాలయం ఉంది. అక్కడికి వెళ్లు. పాత ఫైళ్లు చాలావరకు ఉర్దూలో, ఫార్సీలో ఉంటాయి. చదివి చెప్పే పెద్దవాళ్లు పాతబస్తీలో ఇంకా ఉన్నారు, మర్యాదగా అడిగితే చెబుతారు. మూసీ కథ తిరగరాసే ఉద్దేశం ఉంటే ముందు ఆ పని చెయ్యి. లేదంటే బాలాపూర్ వైపు వెళ్లి 2020 అక్టోబరులో తెగిన గుర్రం చెరువు కింది ఇళ్లవాళ్లతో కూర్చో. ఆ వారంలో ఎవరెవరు వచ్చి కట్ట చూసి వెళ్లారో అడుగు. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయని అడగకు, అది అడగకుండానే గోడ మీద చూపిస్తారు.

పుస్తకంగా వేసుకోవాలా, ఆగాలా అని అడిగావు. పోటీకి పంపాలా అనీ, మాండలికం వాడవచ్చా అనీ అడిగావు. తర్వాత ఎప్పుడైనా చూద్దాం.

మొత్తం కట్ట తిప్పి పంపుతున్నాను. దివిసీమ కథ ఒక్కటే తిరగరాసి పంపు. ఈసారి కొరియరులో వద్దు. వాడు కింద నిలబడి ఫోను చేస్తాడు, సంతకం పెట్టడానికి మూడంతస్తులు దిగి ఎక్కలేకపోతున్నాను. మామూలు పోస్టులో వెయ్యి, పోస్టుమాను పైకి తెచ్చి ఇస్తాడు.

ఇట్లు,
శ్రేయోభిలాషి