రాతిగుట్ట లేని చోట భూవిజ్ఞాన పాఠం

ప్రశ్న: మాది అమలాపురం దగ్గరి డిగ్రీ కళాశాల. భూవిజ్ఞానశాస్త్రం చదివే మా విద్యార్థులకు చూపించడానికి చుట్టుపక్కల ఒక్క రాతిగుట్ట అయినా లేదు. ఏడాదికొకసారి చేసే పర్యటనతో వారికి క్షేత్ర నైపుణ్యం అలవడుతుందా?
– ఒక అధ్యాపకురాలు, కోనసీమ

జవాబు: ఆ ఒక్క పర్యటనతో అలవడదు. అయితే మీకు క్షేత్రం కళాశాల గేటు దాటగానే మొదలవుతుంది. తీరానికి ఇంచుమించు సమాంతరంగా సాగే ఇసుక మెరకలు ఒకప్పటి సముద్రతీరాలు. ఇళ్లూ కొబ్బరితోటలూ ఎక్కువగా వాటి మీద, వరిచేలు వాటి నడిమి పల్లాల్లో ఉంటాయి. వరికోతలయ్యాక రైతు అనుమతి తీసుకుని, విద్యార్థులను మెరక మీది నుంచి పల్లంలోకి అడ్డంగా నడిపిస్తూ, అక్కడక్కడ చేతి ఆగర్‌తో (నేలను తొలిచి మట్టిని పైకి తీసే పరికరం) మీటరు లోతు వరకు మట్టి తీయించండి. నీరు తగిలాక ఇసుక గోడలు కూలిపోతాయి కనుక అక్కడితో ఆపాలి. తీసిన మట్టిని వరుస తప్పకుండా పట్టా మీద పేర్చి, పక్కన టేపు పరచి, పొర మారిన లోతు, రంగు, రేణువు పరిమాణం, వేళ్ల జాడలు రాయించండి. గవ్వపొడి ఉన్నదీ లేనిదీ కంటికి తెలియకపోతే పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తే చాలు, ఉంటే పొంగుతుంది. ఇసుక కింద నల్ల బంకమన్ను తగిలితే కారణం మీరు చెప్పేయవద్దు. నోట్‌బుక్‌లో కుడి పేజీ చూసినదానికి, ఎడమ పేజీ ఊహించినదానికి కేటాయించి, వారినే రాయమనండి. నా దృష్టిలో మొత్తం శిక్షణకు ఇదే ప్రాణం.

డిప్ (రాతిపొర వాలిన కోణం), స్ట్రైక్ (ఆ పొర తలంపై అడ్డంగా, మట్టంగా గీసిన గీత సాగే దిక్కు) కొలవడానికి మాత్రం రాతి దగ్గరికే వెళ్లాలి. రాజమహేంద్రవరం పక్కనున్న కాతేరు, గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న పంగిడి ప్రాంతాల్లో సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా పొరలు, వాటి నడుమ నత్తగుల్లల శిలాజాలున్న సున్నపురాతి పొరలు ఉన్నాయి. ఈ లావా పశ్చిమ దక్కను నుంచి దాదాపు 1,000 కిలోమీటర్లు పారి వచ్చిందని పలువురు పరిశోధకుల అభిప్రాయం. ఆ లావా గడ్డకట్టి ఏర్పడిన బసాల్టు రాతిలోని మాగ్నెటైట్ అనే అయస్కాంత ఖనిజం దిక్సూచి ముల్లును పక్కకు లాగగలదు కనుక, పరికరాన్ని రాతిపై ఆనించకుండా కాస్త ఎడంగా నిలబడి గురిచూడాలి. సుత్తిని దూరంగా పెట్టించాలి. పొర వాలు స్వల్పమైనప్పుడు స్ట్రైక్ కొలతలో పెద్ద తేడా వచ్చే ప్రమాదం ఉంది. అందువల్ల ఒకే తలాన్ని ముగ్గురు విడివిడిగా కొలిచి, అంకెలు కలవకపోతే అక్కడే మళ్లీ కొలవాలి.

క్వారీలో యజమాని అనుమతి, హెల్మెట్లు తప్పనిసరి. నిటారు గోడ కింద ఎవరినీ నిలబడనీయకండి. మార్కులు ఇంటికి వెళ్లాక రాసిన నివేదికకు గాక, మట్టి మరకలతో సహా క్షేత్రంలోనే రాసిన నోట్‌బుక్‌కు వేయండి.