పది డాలర్లు, అయిదు డాలర్లు

చిరంజీవికి,

నీ నవల రాతప్రతి రెండు రాత్రుల్లో చదివేశాను. అమెరికా అంతర్యుద్ధం మీద తెలుగులో నవల అంటే ధైర్యం కావాలి. నీ వాక్యం బాగుంది, దాని గురించి నాకు బెంగ లేదు. బెంగంతా నువ్వు కథ ఎత్తుకున్న చోటు మీదే.

1861 ఏప్రిల్ 12న దక్షిణాది చార్లెస్టన్ రేవులో సమ్టర్ కోట మీద ఫిరంగులు పేలడంతో మొదలుపెట్టావు. పొగ, మంటలు, నీళ్ళ మీద ఎర్రటి వెలుగు. ముప్పైనాలుగు గంటల ఆ కాల్పుల్లో ఒక్క సైనికుడు కూడా చనిపోలేదు, తెలుసా? అప్పటికే బానిసలున్న ఏడు దక్షిణాది రాష్ట్రాలు విడిపోయి, వేరే అధ్యక్షుణ్ణి పెట్టుకున్నాయి. బానిసత్వం దగ్గర పేచీ వచ్చి క్రైస్తవ శాఖలు కూడా, మెథడిస్టులు 1844లోనే, బాప్టిస్టులు 1845లో, ఉత్తరం, దక్షిణం అని చీలిపోయారు. ఒకే బైబిలు చదివేవాళ్ళు కలిసి ప్రార్థన చేసుకోలేకపోయిన పదహారేళ్ళకి ఆ ఫిరంగి పేలింది. నువ్వు ఇల్లు కూలిన రోజున కెమెరా పట్టుకెళ్ళావు.

కాస్త వెనక్కి వెళ్ళి కాగితాలు చూడమ్మా. 1787లో రాజ్యాంగం రాసినవాళ్ళు అందులో 'బానిస' అన్న మాటే రానివ్వలేదు. సేవకి కట్టుబడిన వ్యక్తి అనీ, ఇతర వ్యక్తులు అనీ తిప్పి తిప్పి రాశారు. ప్రతినిధుల సభలో సీట్లు లెక్కగట్టేటప్పుడు మాత్రం అయిదుగుర్ని ముగ్గురి కింద జమ వేసుకున్నారు. పేరు పెట్టి పిలవడానికి సిగ్గు, లెక్కలో వేసుకోడానికి లేదు.

నీది దానికి తిరగబడ్డ సమస్య. పేజీకి అయిదారు సార్లు 'బానిస' వచ్చింది. మన భాషలో అది అరిగిపోయిన మాట. తాగుడుకి బానిస, ఫోనుకి బానిస, టీవీ సీరియల్‌కి బానిస. ఇక చదివేవాడికి ఎక్కడ తగులుతుంది? ఆ మాట కొట్టేసి వేలంపాట చూపించు. కొనేవాడు పళ్ళు చూస్తాడు, చొక్కా విప్పించి వీపు మీద కొరడా మచ్చలున్నాయేమో చూస్తాడు. మచ్చలుంటే మొండివాడని ధర తగ్గుతుంది. తల్లి ఒకడికి, బిడ్డ ఇంకొకడికి.

రెండుచోట్ల 'వెట్టి' అని కూడా వాడావు. ఆ తప్పు అటునుంచి ఇటు నేనూ చేశాను. వెట్టి మీద నా తొలి కథలో దాన్ని బానిసత్వం అని రాసి మురిసిపోయాను. వెట్టి చేసిన ముసలాయన ఒకాయన కథ చదివించుకుని విన్నాడు. "నన్ను కొట్టిన్రు, తిట్టిన్రు. గని అంగట్ల పెట్టి అమ్మలే బిడ్డా" అన్నాడు. ఏ బాధని ఆ బాధ పేరుతోనే పిలవాలని ఆయన దగ్గర నేర్చుకున్నాను.

ఇక అసలు సంగతి. నీ బోస్టన్ పాత్రలు, అదే ఉత్తరాది మసాచుసెట్స్ రాష్ట్రం వాళ్ళు, మొదటి పేజీ నుంచీ బానిసత్వం అంటే రగిలిపోతుంటారు. అంత సులువు కాదమ్మా. ఆ ఊరి ధనవంతుల మిల్లులు నడిచిందే దక్షిణాది పత్తితో. చాలామందికి అది ఎక్కడో జరిగే గొడవ. దాన్ని వాళ్ళ గుమ్మంలోకి తెచ్చింది 1850 చట్టం. దక్షిణం నుంచి పారిపోయి వచ్చిన బానిసల్ని పట్టుకోడానికి పిలిస్తే మామూలు పౌరుడు కూడా సాయం రావాలి. అడ్డుపడితే వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. పట్టుబడ్డ మనిషికి జ్యూరీ లేదు, తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకోడానికీ లేదు. విచారించే కమిషనర్ ఆ మనిషిని యజమానికి అప్పగిస్తే ఫీజు పది డాలర్లు, వదిలేస్తే అయిదు. అప్పగింతకి కాగితాల పని ఎక్కువ కదా అని సమర్థించుకున్నారు!

ఆ కమిషనర్‌ని దుర్మార్గుడిగా రాయకు. గుమాస్తాలా రాయి. ఇంకా భయమేస్తుంది.

1854లో వర్జీనియా నుంచి పారిపోయి వచ్చి బోస్టన్‌లో బట్టల దుకాణంలో పనిచేసుకుంటున్న ఆంథొనీ బర్న్స్‌ని అలాగే పట్టుకున్నారు. జూన్ 2న ఇరవయ్యేళ్ళ ఆ ఒక్క కుర్రాణ్ణి ఓడ దగ్గరికి నడిపించడానికి సైన్యం, ఫిరంగి కావలసొచ్చాయి. దార్లో భవనాలకి నల్లగుడ్డలు కట్టారు. వీధికి అడ్డంగా శవపేటిక వేలాడదీశారు. ముందురోజు దాకా మనకెందుకులే అనుకున్న షాపువాడు ఒకడు ఆ గుంపులో నిలబడి చూస్తున్నాడనుకో. వాడి లోపల ఏం జరిగింది? నీ నవల అక్కడుంది.

నీ కల్నల్ ఇది బానిసత్వం కోసం కాదు, రాష్ట్రాల హక్కుల యుద్ధం అని లెక్చర్ దంచాడు. దంచనీ. పక్కనున్నవాడెవడో ఒకడు అడగాలిగా: మసాచుసెట్స్ గడ్డ మీద మనుషుల్ని పట్టుకోడానికి కేంద్రం బలగాలు కావాలన్నప్పుడు ఆ రాష్ట్రం హక్కు ఏమైందయ్యా అని. విడిపోతూ మిసిసిపీ వాళ్ళు ఇచ్చిన ప్రకటన తెరిచి చూడు. తమ స్థితి బానిస వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉందని మొదట్లోనే వాళ్ళే రాసుకున్నారు.

కాకినాడ అధ్యాయం తగ్గించు. అమెరికా పత్తి ఆగిపోయి ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులు మన పత్తి మీద పడ్డాయి, మన రేవులో సందడి పెరిగింది, నిజమే. ఒక్క పేరా చాలు.

చివరగా, నన్ను నిద్రపోనివ్వనిది. 1860 జనాభా లెక్కల్లో దాదాపు 39.5 లక్షల మంది బానిసలు. నీ నవల్లో నోరు విప్పేది ఇద్దరు. ఒకడు తలుపు తీస్తాడు, ఒకామె ఏడుస్తుంది. నువ్వు ఫిరంగులు పేల్చిన ఆ చార్లెస్టన్ రేవులోనే 1862 మేలో రాబర్ట్ స్మాల్స్ అనే బానిస, కెప్టెన్ టోపీ పెట్టుకుని, ఇంటివాళ్ళనీ తోటివాళ్ళనీ ఎక్కించుకుని దక్షిణాది సైన్యం ఓడనే నడుపుకుపోయాడు. సమ్టర్ కోట ముందు నుంచే, అనుమానం రాకుండా సరైన ఈల వేసి మరీ!

బోస్టన్ వీధి ముందు రాసి పంపు. ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, కంటి ఆపరేషన్ అయి పది రోజులే అయింది.

దీవెనలతో,
మీ మాస్టారు