కొత్త బెల్టు వేసినా కీచు తగ్గకపోతే టెన్షనర్‌ని చూడండి

మీ పన్నెండేళ్ల డీజిల్ వ్యాన్ పొద్దున సెల్ఫ్ కొట్టగానే కీచుమంటోంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువవుతోంది, రెండుసార్లు బెల్టు మార్చినా మళ్లీ మొదలైంది, ఇప్పుడు మెకానిక్ టెన్షనర్ మార్చాలంటున్నాడు, నమ్మొచ్చా అని అడిగారు. నమ్మొచ్చండీ. కాకపోతే డబ్బు పెట్టేముందు ఒకసారి మీ కళ్లతో మీరే చూసుకోండి. మా పాత వ్యాన్‌కీ ఇదే వచ్చింది, ఇక్కడ బెంగళూరులోనే బాగు చేయించాం.

ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది), ఏసీ, స్టీరింగ్ పంపు లాంటివాటిని తిప్పే బెల్టుని ఎప్పుడూ ఒకే బిగువులో పట్టి ఉంచేది టెన్షనర్. దాని లోపల ఒక చుట్ట స్ప్రింగు, కుదుపుల్ని ఆపే రాపిడి ప్యాడ్, చివర బేరింగ్ ఉన్న పుల్లీ ఉంటాయి. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికి స్ప్రింగు బలం తగ్గుతుంది, ప్యాడ్ అరుగుతుంది. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని గంట నిలబడే బండికి ఈ అరుగుదల ఇంకా ఎక్కువ. ఆ స్థితిలో ఎన్ని కొత్త బెల్టులు వేసినా జారుతూనే ఉంటాయి.

ముందు నీళ్ల పరీక్ష చేయండి. ఇంజిన్ నడుస్తుండగా, చేతులూ బట్టలూ దూరంగా పెట్టుకుని, బెల్టు గాళ్లున్న వైపు సీసాతో కొంచెం నీళ్లు చిమ్మండి. చప్పుడు పెరిగితే బెల్టు జారుతున్నట్టు, అంటే బిగువు చాలడం లేదు. కాసేపు తగ్గి మళ్లీ వస్తే ఏదో ఒక పుల్లీ వరసలో లేదని అర్థం. మాది పెరిగింది.

తర్వాత ఇంజిన్ నడుస్తుండగానే టెన్షనర్ చేతిని, అంటే పుల్లీని పట్టుకుని ఉండే కడ్డీని, దూరం నుంచి గమనించండి. కొద్దిగా కదలడం మామూలే. ఎగిరెగిరి పడుతుంటే మాత్రం ప్యాడ్ పోయినట్టే. ఇంజిన్ ఆపి, తాళం తీసేసి, పొడవాటి రాడ్‌తో ఆ చేతిని తిప్పి మెల్లగా వదలండి. గట్టిగా, నున్నగా కదిలి వెనక్కి రావాలి. మధ్యలో పట్టేస్తే ఇక దాని పని అయిపోయింది. బెల్టు తీశాక పుల్లీని వేలితో తిప్పి చూడండి, గరగరమన్నా ఊగినా బేరింగ్ పోయినట్టు.

చాలామంది వదిలేసేది ఒకటుంది. కొన్ని డీజిల్ బండ్లలో ఆల్టర్నేటర్‌కి ఒకవైపే పట్టే క్లచ్ పుల్లీ ఉంటుంది. అది బిగుసుకుపోతే ఇంజిన్ కుదుపులన్నీ బెల్టు మీదే పడి, కొత్త టెన్షనర్ కూడా త్వరగా పాడవుతుంది. మీ బండికి అలాంటిది ఉంటే దాన్నీ చూడమనండి. బెల్టుకి దారి చూపే ఐడ్లర్ పుల్లీనీ చూడమనండి. బెల్టు మీద ఆయిల్ పడుతుంటే ముందు ఆ లీకు ఆపాలి. బెల్టుకి సబ్బో పౌడరో రాస్తానంటే వద్దనండి, చప్పుడు ఆ పూటకి ఆగుతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

పార్టు కోసం బెంగళూరులో బండి విడిభాగాలు దొరికే జేసీ రోడ్డుకి వెళ్లేటప్పుడు పాత టెన్షనర్, పాత బెల్టు రెండూ తీసుకెళ్లండి. బెల్టు మీద 6పీకే1990 లాంటి నంబరు ఉంటుంది. బెల్టు పొడవునా ఆరు గట్లు, 1990 మిల్లీమీటర్ల పొడవు అని దానర్థం. మీ బెల్టు మీదున్న నంబరే అడగండి. పాత సామాన్ల గుజరీలో బంపరో అద్దమో కొనుక్కోవచ్చు గానీ టెన్షనర్ వద్దు. స్ప్రింగులో ఎంత బలం మిగిలిందో బయటికి కనిపించదు.

బెల్టు తీసేముందు అది ఏ పుల్లీ మీంచి ఎలా వెళ్తోందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. టెన్షనర్ వెనకాల చిన్న పిన్ను ఉంటే అది ఇంజిన్ మీది రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. లేకపోతే చెయ్యి వంకరగా నిలబడి బెల్టు అంచు చీలుతుంది. కొన్నిటిలో పుల్లీ బోల్టు ఎడమ మరతో వస్తుంది, అంటే మామూలుకి వ్యతిరేక దిశలో తిప్పాలి, తెలియక బలవంతంగా తిప్పితే తెగుతుంది. బోల్టుని బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో, కంపెనీ చెప్పిన లెక్కకే బిగించమనండి. ఇంజిన్ స్టార్ట్ చేసేముందు ప్రతి పుల్లీ దగ్గరా గాళ్లు సరిగ్గా పడ్డాయో లేదో వేలితో తడిమి చూడండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం బ్రేకులు. కొన్ని డీజిల్ బండ్లలో బ్రేకుల వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే బిగించి ఉంటుంది. బెల్టు తెగితే ఛార్జింగ్, స్టీరింగ్‌తో పాటు అదీ ఆగుతుంది. బ్రేకు తొక్కడం తేలిక చేసే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్‌తో ఒకటి రెండుసార్లు మామూలుగా తొక్కొచ్చు, ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుస్తుంది. తిరుపతికి వెళ్తూ మొగిలి ఘాట్ దిగేటప్పుడు ఇంటిల్లిపాదీ బండిలో ఉండగా అలా జరగకూడదు. దారిలో బ్యాటరీ లైటు వెలిగి, స్టీరింగ్ బరువెక్కితే వెంటనే గేరు తగ్గించి, బ్రేకుని పదే పదే తొక్కకుండా ఒకేసారి తొక్కి, వదలకుండా గట్టిగా అదిమి పట్టుకుని బండి పక్కకి ఆపండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టాకే బానెట్ తీయండి.