నెమలి బొమ్మ ఉన్న కాలేజీకి వెళ్తున్న మేనకోడలికి

చి. సింధుకి మామయ్య ఆశీస్సులు.

అమెరికాలో నువ్వు చేరబోతున్న సెయింట్ పీటర్స్ గురించి “సీటొచ్చింది గానీ చిన్న కాలేజీ మామయ్యా, పైగా ఫాదర్లది” అన్నావు ఫోన్లో. ఆ మాట దగ్గర నీ గొంతు తగ్గింది. అందుకే ఈ ఉత్తరం.

ఫాదర్ల చదువు మనింటికి కొత్త కాదు. నేను డిగ్రీ చదివిన విజయవాడ లయోలా కూడా జెస్యూట్లదే, అంటే ఆ క్యాథలిక్ ఫాదర్ల సంఘానిదే. నీ డేటా సైన్స్ ఎమ్మెస్‌కీ ప్రార్థనకీ ముడి లేదు. చాపెల్, అంటే క్యాంపస్‌లోని చిన్న చర్చి, తలుపు తీసే ఉంటుంది, మనసు బాగోలేని రోజున వెళ్లి కాసేపు కూర్చో. ఎవరూ ఏమీ అడగరు.

జెర్సీ సిటీలో సెయింట్ పీటర్స్ పుట్టింది 1872లో. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1918లో మూతపడింది. పన్నెండేళ్ల తర్వాత 1930లో మళ్లీ తెరిచారు. అక్కడ ఎటు చూసినా కనిపించే నెమలి కథ కూడా ఇదే. ఆ నేల ఒకప్పుడు పావ్ అనే డచ్చి దొరది. వాళ్ల భాషలో పావ్ అంటే నెమలి. పాత క్రైస్తవ చిత్రాల్లో నెమలి చచ్చి బతకడానికి గుర్తు. మూతపడి లేచిన కాలేజీకి అంతకంటే తగిన గుర్తు ఏముంది! 1965లో మార్టిన్ లూథర్ కింగ్‌కి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది ఈ చిన్న కాలేజీయే. 2022లో దేశమంతటి కాలేజీల బాస్కెట్‌బాల్ పోటీలో వీళ్ల పిల్లలు కెంటకీ, పర్డ్యూ లాంటి పెద్ద యూనివర్సిటీల జట్లను ఓడించి చివరి ఎనిమిది జట్లలో నిలిచారు. పదిహేనో సీడ్ జట్టు, అంటే పోటీకి ముందు ఇచ్చే ర్యాంకుల్లో బాగా కిందున్న జట్టు, అంత దూరం రావడం అదే మొదలు. ఆ వారం నేను సరిగా నిద్రపోలేదు. ఒక్క మ్యాచ్‌కైనా వెళ్లు తల్లీ, ఆట తెలియకపోయినా సరే.

ఇప్పుడు అసలు మాట. నేను ఎమ్మెస్ చేసింది చాలా పెద్ద యూనివర్సిటీలో. రెండేళ్లూ వెనక బెంచీలో కూర్చుని మనవాళ్లతోనే తిరిగాను. ఉద్యోగానికి సిఫార్సు లేఖ కావాల్సి వచ్చినప్పుడు నా పేరు తెలిసిన ప్రొఫెసర్ ఒక్కరూ లేరు. నీకు ఆ బాధ ఉండకూడదు. చిన్నచోట నీ ముఖం గుర్తుంటుంది. మొదటి వారంలోనే ఆఫీస్ అవర్స్‌కి, అంటే ప్రొఫెసర్లు విద్యార్థులను కలిసే వేళకి, వెళ్లు. సందేహం లేకపోతే పరిచయం చేసుకుని రా.

క్యాంపస్‌లో పని చూసుకో. సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు దాటకూడదు. బయట ఎవరైనా “క్యాష్ ఇస్తాం రా” అంటే, మనవాళ్లే అయినా వద్దు. వీసా పోతే చదువూ పోతుంది. డబ్బు తక్కువైతే ముందు నాకు చెప్పు, మొహమాటపడకు.

ఇంటి మీద బెంగపడితే న్యూఆర్క్ అవెన్యూలో మన దుకాణాలుండే ఇండియా స్క్వేర్ ఉంది, నడిచి వెళ్లొచ్చు. కరివేపాకు, కందిపప్పు అన్నీ దొరుకుతాయి. అమ్మని సూట్‌కేసులో సరుకులు కుక్కొద్దని చెప్పు. ఆవకాయ మాత్రం తెచ్చుకో, నాకూ ఒక సీసా.

టికెట్ తీయగానే తారీఖు పంపు. ఎయిర్‌పోర్ట్‌కి నేనే వస్తాను.

మీ మామయ్య