కంపెనీ దగ్గరే కొంటే చవక కావాలి కదా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయానికి సంబంధించినవి. తయారీదారు దగ్గర నేరుగా కొంటే దుకాణం కంటే ఎక్కువ ధర ఎందుకు పడుతుందన్నదే వాటి సారాంశం. అందుకే వాటిని ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: కుట్టుమిషను కొందామని ఒక పేరున్న కంపెనీ సొంత వెబ్‌సైటు చూశాను. మధ్యలో డీలరు ఉండడు, దుకాణం అద్దె ఉండదు కాబట్టి ధర తగ్గుతుందనుకున్నాను. తీరా చూస్తే అదే మోడల్ మామూలు దుకాణంలో తక్కువకు దొరుకుతోంది. పైగా కంపెనీ రవాణా ఖర్చు విడిగా అడుగుతోంది. తయారు చేసినవారే ఎక్కువకు అమ్మడం మోసం కాదా?

జవాబు: మోసం కాదు. అయితే మీ అనుమానం తెలివితక్కువదేమీ కాదు. తయారీదారు ఒకసారి, అమ్మకందారు మరొకసారి లాభం కలుపుకుంటే వస్తువు ధర అవసరానికి మించి పెరుగుతుందని, ఇద్దరూ ఒకే సంస్థ అయితే ధర తగ్గడానికి వీలుందని జోసెఫ్ స్పెంగ్లర్ అనే ఆర్థికవేత్త 1950లోనే వివరించారు. మీరు వేసుకున్న లెక్క కూడా అదే. కాకపోతే ఆ లెక్కలో మధ్యవర్తి వాటా కనిపించినంత స్పష్టంగా అతను చేసే పని కనిపించదు. మధ్యవర్తిని తీసేసినంత మాత్రాన అతని పని మాయం కాదు. ఆ పని ఎవరో ఒకరు చేయాలి, దాని ఖర్చు ఎవరో ఒకరు భరించాలి.

ఫ్యాక్టరీ గిడ్డంగిలో జరిగే పనిని కాస్త దగ్గరగా చూడండి. డీలరుకు పంపేటప్పుడు వందల పెట్టెలు ఒకే లారీలో ఎక్కుతాయి, వాటన్నింటికీ ఒకే ఆర్డరు, ఒకే బిల్లు, ఒకే చెల్లింపు. మీకు ఒక్క మిషను పంపాలంటే కూడా ఆర్డరు నమోదు చేయాలి, చెల్లింపు సరిచూడాలి, బిల్లు వేయాలి, వేల పెట్టెల మధ్య నుంచి ఒక్క పెట్టెను వెతికి తీయాలి. లారీలో సాటి పెట్టెల మధ్య కదలకుండా ప్రయాణం చేయడానికి తయారైన ఆ అట్టపెట్టె కొరియరు వాళ్ల చేతులు మారుతూ ఒంటరిగా వెళ్తే దెబ్బతింటుంది కనుక దానిని మరో పెట్టెలో పెట్టి, చుట్టూ మెత్తటి సరంజామా నింపాలి. చేర్చే సమయానికి మీరు ఇంట్లో లేకపోతే మనిషి మళ్లీ రావాలి, వస్తువు నచ్చక తిప్పి పంపితే ఆ దారి ఖర్చూ ఉంటుంది. ఈ పనుల్లో చాలావాటికి ఒక్క పెట్టెకు అయ్యే శ్రమ వంద పెట్టెలకయ్యే శ్రమకు పెద్దగా తక్కువ కాదు. లారీ లోడులో అది వందల పెట్టెలకు పంచబడుతుంది, మీ విషయంలో మొత్తం మీ ఒక్క పెట్టె మీదే పడుతుంది.

రవాణా రుసుములో చాలామంది గమనించని అంశం ఇంకొకటి ఉంది. కొరియరు సంస్థలు అసలు బరువును మాత్రమే కాక, పెట్టె ఆక్రమించే చోటును కూడా బరువుగా లెక్కగట్టి, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి రుసుము వేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం వాటిలో చాలావరకు పాటించే పద్ధతి. మీ మిషను బరువు 7 కిలోలే అయినా, అది 50, 40, 40 సెంటీమీటర్ల పెట్టెలో వస్తే 80,000ను 5000తో భాగించి 16 కిలోలకు డబ్బు తీసుకుంటారు. రవాణా ఖర్చు విడిగా అడిగినందుకు మీకు కోపం వచ్చింది గాని, నన్నడిగితే దానిని ధరలో కలిపి దాచేవాళ్ల కంటే విడిగా చూపేవాళ్లే నయం. పోల్చుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఇంతవరకు చెప్పింది ఖర్చు సంగతి. కాని నిజానికి అంతకంటే బలమైన కారణం వేరే ఉంది. ఖర్చు తక్కువైన సందర్భంలో కూడా కంపెనీ తన డీలర్ల కంటే తక్కువ ధరకు అమ్మడానికి వెనకాడుతుంది. తన సరుకులో అధికభాగాన్ని అమ్మిపెట్టేది ఆ డీలర్లే. వాళ్లు తమ పెట్టుబడితో సరుకు కొని, తమ చోటులో నిలవ పెట్టి, కొనవచ్చినవారికి దారం ఎలా ఎక్కించాలో చూపిస్తూ అమ్ముతుంటే, కంపెనీయే పక్కనుంచి తక్కువ ధరకు అమ్మితే మరుసటి నెల వాళ్లు పోటీ కంపెనీ మిషన్లను ముందు వరుసలో పెడతారు. ఇది ఊహ కాదు. 1999లో అమెరికాలోని హోమ్ డిపో అనే పెద్ద చిల్లర వ్యాపార సంస్థ తన సరఫరాదారులకు ఉత్తరాలు రాసి, ఇంటర్నెట్‌లో నేరుగా వినియోగదారులకు అమ్మేవాళ్లను పోటీదారులుగా చూడవలసి వస్తుందని హెచ్చరించింది. జీన్స్ తయారీకి ప్రసిద్ధి చెందిన లీవై స్ట్రాస్ కూడా అదే సంవత్సరంలో తన సొంత ఆన్‌లైన్ అమ్మకాలను ఆపి, ఆ పనిని దుకాణాలకే వదిలేస్తున్నట్టు ప్రకటించింది. అందుకే చాలా కంపెనీలు తమ వెబ్‌సైటులో తాము సూచించిన పూర్తి ధరనే ఉంచుతాయి. ఆ ధర డీలర్లకు ఇచ్చిన భరోసా లాంటిది. దానికంటే తగ్గించి అమ్ముకునే వెసులుబాటు డీలరుకు ఉంటుంది, కంపెనీ మాత్రం తగ్గించదు.

ఇక దుకాణదారు వైపు నుంచి చూద్దాం. టోకున కొంటాడు కనుక అతనికి సరుకు తక్కువకు వస్తుంది; ఏడాదిలో ఇన్ని మిషన్లు అమ్మితే చివర్లో అదనపు రాయితీ ఇస్తామని కంపెనీలు ఒప్పందాలు కూడా చేసుకుంటాయి. ఆ లక్ష్యానికి నాలుగైదు మిషన్ల దూరంలో ఉన్న దుకాణదారు వాటిని లాభం లేకుండా వదిలించుకున్నా, లక్ష్యం చేరినందుకు వచ్చే రాయితీ అన్ని మిషన్ల మీదా వర్తించవచ్చు కనుక మొత్తం మీద లాభపడతాడు. కొత్త మోడల్ రాబోతుంటే పాతది గిడ్డంగిలో చోటు ఆక్రమిస్తూ, డబ్బును బిగించి పెడుతుంది కాబట్టి దానిని ఎంతకో అంతకు అమ్మేస్తాడు. మిషను మీద పోగొట్టుకున్నది సూదులు, దారాలు, కత్తెరలు, కుర్చీల మీద రాబట్టుకునే అవకాశం కూడా అతనికి ఉంది. పైగా వీధి అవతల అదే మిషను అమ్మే మరొకరున్నారు. కంపెనీ వెబ్‌సైటుకు ఈ ఒత్తిడి లేదు. అక్కడికి వచ్చేవారిలో చాలామంది ఆ కంపెనీ వస్తువే కొనాలని ముందే నిశ్చయించుకుని ఉంటారు, వాళ్లను ధర తగ్గించి లాక్కోవలసిన పని కంపెనీకి లేదు.

ప్రశ్న: పదిమందిమి కలిసి ఒకే ఆర్డరుగా ఇస్తే ఫ్యాక్టరీ టోకు ధరకు ఇస్తుందా?

జవాబు: సాధారణంగా ఇవ్వదు. పది పెట్టెలు ఇంటి లెక్కలో ఎక్కువే గాని, ఫ్యాక్టరీ లెక్కలో అవి చిల్లర అమ్మకమే. టోకు అమ్మకానికి కనీస పరిమాణం ఉంటుంది, ఫలానా ప్రాంతం ఫలానా డీలరుదే అన్న ఒప్పందాలు కూడా ఉండవచ్చు. దానికంటే అదే పదిమంది ఒక డీలరు దగ్గరికి కలిసి వెళ్లి బేరం ఆడడం మేలు, ఎందుకంటే తన లాభం నుంచి తగ్గించుకునే స్వేచ్ఛ అతనికి ఉంది.

ప్రశ్న: దుకాణాలు తగ్గించి అమ్మకుండా కంపెనీ ఎందుకు అడ్డుకోదు? తన వస్తువు ధర తాను నిర్ణయించే హక్కు దానికి లేదా?

జవాబు: అమ్మేసిన వస్తువును తిరిగి ఎంతకు అమ్మాలో శాసించే హక్కు చాలా దేశాల్లో పరిమితమే. అమెరికాలో 1911 నాటి డాక్టర్ మైల్స్ కేసులో సుప్రీంకోర్టు ఇంతకంటే తక్కువకు అమ్మకూడదనే కనీస ధర ఒప్పందాలు, కారణం ఏదైనా, చట్టవిరుద్ధమేనని తేల్చింది. దాదాపు శతాబ్దం తర్వాత, 2007లో లీజిన్ కేసులో అదే కోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, ప్రతి సందర్భాన్నీ దాని మంచిచెడ్డలను బట్టి పరిశీలించాలని చెప్పింది. యూరోపియన్ యూనియన్‌లో మాత్రం కనీస ధర విధించడాన్ని పోటీకి తీవ్రమైన ఆటంకంగానే చూస్తారు.

కంపెనీలు అలాంటి నియంత్రణ ఎందుకు కోరుకుంటాయన్న ప్రశ్నకు 1960లో లెస్టర్ టెల్సర్ అనే ఆర్థికవేత్త ఇచ్చిన సమాధానం ఇప్పటికీ పనికొస్తుంది. ఒక దుకాణం మిషనును విప్పి చూపించి, కుట్టి చూపించి, గంటసేపు వివరిస్తుంది. కొనుగోలుదారు అన్నీ తెలుసుకుని, ఏమీ చూపించని మరో దుకాణంలో తక్కువకు కొంటాడు. ఇలా సాగితే చూపించే దుకాణం ఆ పని మానేస్తుంది, చివరికి మిషనుకే గిరాకీ తగ్గుతుంది. ఈ వాదనలో నిజం ఉందని నేను నమ్ముతాను. అయినా దానిని అడ్డం పెట్టుకుని అన్ని దుకాణాల్లోనూ ధరలను బిగించడం వినియోగదారుకు నష్టమే. చూపించిన శ్రమకు విలువ కట్టాలనుకుంటే కంపెనీ ఆ దుకాణానికి ప్రత్యేకంగా ప్రోత్సాహకం ఇవ్వవచ్చు.

ప్రశ్న: అయితే నేరుగా కొంటే లాభం ఎప్పుడూ ఉండదా? దుకాణంలో తక్కువకు దొరికినది అసలు వస్తువేనని నమ్మడమెలా?

జవాబు: లాభం ఉండే సందర్భాలు ఉన్నాయి. డీలర్ల వ్యవస్థే లేకుండా మొదలైన కంపెనీకి ఎవరినీ నొప్పించే భయం ఉండదు. 1984లో మైకేల్ డెల్ ప్రారంభించిన కంప్యూటర్ల సంస్థ ఆర్డరు వచ్చాకే కంప్యూటరును కూర్చి పంపేది కాబట్టి, అమ్ముడుపోని సరుకు నిలవ ఉండే బెడద చాలావరకు తప్పింది, ఆ ఆదా కొంత కొనుగోలుదారుకూ దక్కింది. అలాంటి సంస్థ కూడా 2007లో వాల్‌మార్ట్ దుకాణాల ద్వారా అమ్మడం మొదలుపెట్టిందన్నది గుర్తుంచుకోదగిన విషయం. కొలతలిచ్చి చేయించుకునే వస్తువులు, దుకాణాలు నిలవ ఉంచని విడిభాగాలు, తిరిగి వచ్చిన వాటిని బాగుచేసి కంపెనీయే హామీతో అమ్మే సరుకు నేరుగా కొనడమే మంచిది. ఫ్యాక్టరీ అవుట్‌లెట్ల విషయంలో మాత్రం ఒక్క జాగ్రత్త అవసరం. అక్కడ ఉన్నదంతా మిగిలిపోయిన సరుకు కాదు, కొంత ఆ అవుట్‌లెట్ల కోసమే తక్కువ ఖర్చుతో వేరుగా తయారైనది కావచ్చు.

పోల్చేటప్పుడు మోడల్ నంబరును చివరి అక్షరం వరకు చూడండి. పెద్ద దుకాణాల కోసం కంపెనీలు చిన్న మార్పులతో వేరే నంబరు గల మోడళ్లు తయారు చేస్తుంటాయి. పైకి ఒకేలా ఉన్నా ఒకదానిలో ఒక భాగమో ఒక సదుపాయమో తక్కువ ఉండవచ్చు. అమ్మేవారు కంపెనీ గుర్తించిన విక్రేతలో కాదో కంపెనీనే అడిగి తెలుసుకోవచ్చు. వేరే దేశపు మార్కెట్టు కోసం తయారై దారి మళ్లి వచ్చిన సరుకు అసలైనదే అయినా, వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు, మోటారు మీ ఇంటి కరెంటు వోల్టేజికి సరిపోకపోవచ్చు. వారంటీ తయారైన తేదీ నుంచి కాక కొన్న తేదీ నుంచి మొదలయ్యేలా బిల్లు మీద తేదీ, మిషను వరుస సంఖ్య రెండూ రాయించుకోండి. బిల్లు లేకుండా ఇంకొంచెం తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. ఆరు నెలల తర్వాత సూది కదలకపోతే, ఆ తగ్గింపు కంటే ఎక్కువే మరమ్మతుకు పెట్టవలసి రావచ్చు.