మంట తగ్గాకే పంపు మీద కన్నుండాలి

ఈ సంచికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తున్నది అగ్నిమాపక శాఖలో 31 ఏళ్లు పనిచేసి రిటైరైన డ్రైవర్ ఆపరేటర్.

ప్రశ్న: సార్, అనకాపల్లి జిల్లాలో ఒక కెమికల్ ఫ్యాక్టరీలో ఫైర్ టెండర్ డ్రైవర్‌గా చేరి ఎనిమిది నెలలైంది. మా బండి ట్యాంకు 4,500 లీటర్లు. పోయిన నెల మాక్ డ్రిల్‌లో నీళ్లు కొట్టడం అయ్యాక రెండు బ్రాంచీలూ (హోసు చివర నీళ్లు చిమ్మే గొట్టాలు) మూసేశారు. సేఫ్టీ ఆఫీసర్ అందరికీ ఏదో వివరిస్తుంటే నేను పంపు దగ్గరే నిలబడి విన్నాను. ఇంజిన్ స్పీడు తగ్గించలేదు. ఐదారు నిమిషాలయ్యాక పంపు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. ప్రెషర్ గేజ్ చూస్తే 7 కిలోల పైనే ఉంది, ఇంజిన్ టెంపరేచర్ ముల్లు కూడా మామూలుగానే ఉంది. మా మెకానిక్ రేడియేటర్ కడిగించమన్నాడు. నిజంగా మంటలొచ్చిన రోజు ఇలా అయితే ఏం చెయ్యాలోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, రేడియేటర్ కడిగించు, మంచిదే. కానీ నీ పంపు వేడెక్కింది దానివల్ల కాదు. ఇంజిన్ వేడి వేరు, పంపు వేడి వేరు. పంపుకు విడిగా రేడియేటర్ ఉండదు, దానిలోంచి పారే నీళ్లే దాన్ని చల్లగా ఉంచుతాయి. బ్రాంచీలు మూశారంటే ఆ పారకం ఆగిపోయింది. లోపల నీళ్లను తోసే చక్రం, ఇంపెల్లర్, మాత్రం తిరుగుతూనే ఉంది. మజ్జిగ కుండలో కవ్వంలా, లోపలున్న కాసిని నీళ్లనే చిలుకుతోంది. ఇంజిన్ ఇచ్చే బలం బయటికి పోయే దారి లేక వేడిగా మారుతుంది.

ఉజ్జాయింపుగా లెక్క కట్టి చూడు. పంపు పైతొడుగులో, అంటే కేసింగ్‌లో, 30 లీటర్ల నీళ్లున్నాయనుకో. మూసి తిప్పుతున్నప్పుడు ఇంజిన్ నుంచి 20 కిలోవాట్లు లోపలికి పోతున్నాయనుకో. ఆ నీళ్లు నిమిషానికి 9 డిగ్రీల పైన వేడెక్కుతాయి. ఆ వేడిలో కొంత లోహం పీల్చుకున్నా, 32 డిగ్రీల నీళ్లు ఐదు నిమిషాల్లో 60 దాటుతాయి. నీ చేతికి తగిలింది అదే.

గేజ్ బాగానే ఉంది కదా అన్నావు. అక్కడే కొత్త ఆపరేటర్లందరూ మోసపోతారు. గేజ్ ఒత్తిడిని చెబుతుంది, నీళ్లు కదులుతున్నాయో లేదో చెప్పదు. బ్రాంచీ మూస్తే ముల్లు ఇంకా పైకే పోతుంది.

నా సర్వీసు ఏడో ఏట ఆదిలాబాద్ వైపు ఒక పత్తి జిన్నింగ్ మిల్లుకు వెళ్లాం. పత్తి మంట సంగతి నీకు తెలియకపోవచ్చు. పైన ఆరినట్టే ఉంటుంది, బేలు (నొక్కి కట్టిన పత్తి మూట) లోపల నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. కూలీలు కొక్కేలతో బేళ్లు లాగి విప్పుతుంటే మనవాళ్లు కాసేపు నీళ్లు కొట్టి, కాసేపు మూసి, మళ్లీ కొట్టాలి. పక్కనున్న కుంటలో సక్షన్ (నీళ్లు పీల్చే గొట్టం) వేసి పంపు నడుపుతున్నాను. తెల్లవారుజామున పెద్ద మంట పోయింది, నేనూ అలసిపోయాను. పంపును దాని మానాన వదిలి, ఖాళీ హోసులు చుట్టడానికి వెళ్లాను. బ్రాంచీలు ఎంతసేపు మూసి ఉన్నాయో చూసుకోలేదు. మళ్లీ తెరిచేసరికి ఆవిరితో కలిసి మరిగే నీళ్లు చిమ్మాయి. మా లీడింగ్ ఫైర్‌మన్ మణికట్టు కాలింది. ఆ వెంటనే ప్రైమింగ్ తెగిపోయింది, అంటే పంపుకు కుంట నీళ్లు అందడం ఆగిపోయింది. మళ్లీ నీళ్లు అందేలోపు మూలనున్న బేళ్లు అంటుకున్నాయి. తప్పు నాదే. ఆయన చేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ప్రైమింగ్ ఎందుకు తెగిందో తర్వాత మా ట్రైనింగ్‌లో చెప్పారు. నీళ్లు వేడెక్కిన కొద్దీ తేలిగ్గా ఆవిరవుతాయి. 60 డిగ్రీల దగ్గర ఆ ఆవిరి ఒత్తిడికే పంపు పీల్చగల లోతులో సుమారు 2 మీటర్లు పోతుంది. కుంటలోంచి లాగుతున్న పంపుకు అది చాలా ఎక్కువ.

కాబట్టి నిలువునా లేచే మంటప్పుడు పంపు గురించి అంత బెంగ వద్దు, అప్పుడు నీళ్లు పారుతూనే ఉంటాయి. మంట తగ్గి, అందరూ ఊపిరి పీల్చుకునే వేళ పంపు వదిలి కదలకు. బ్రాంచీ మూసిన సంగతి బ్రాంచి దగ్గరున్నవాడు కేకేసి నీకు చెప్పాలి. ఆ మాట మీ టీమ్‌లో ఇప్పుడే కుదుర్చుకో. వినగానే థ్రాటిల్ తగ్గించు. పంపు నుంచి ట్యాంకులోకి తిరిగి వెళ్లే వాల్వు కొద్దిగా తెరిచి, ట్యాంకు నుంచి పంపుకు వచ్చే వాల్వు కూడా తెరిచే ఉంచు. నీళ్లు తిరుగుతుంటే చాలు. ఇందాకటి 20 కిలోవాట్ల వేడినే 4,500 లీటర్లకు పంచితే గంటకు 4 డిగ్రీలు కూడా పెరగదు. ట్యాంకులో నీళ్లు అడుగంటి ఉంటే మాత్రం ఈ లెక్క పనికిరాదు. అప్పుడు హోస్ రీల్ తెరిచి సన్నగా బయటికి వదిలెయ్యి. రెండు మూడు నిమిషాల పైన నీళ్లు అక్కర్లేదనుకుంటే పీటీఓ (ఇంజిన్ బలాన్ని పంపుకు అందించే గేరు) తీసేయడమే మేలు. కొన్ని కొత్త పంపులకు వేడెక్కితే తనంతట తనే తెరుచుకునే వాల్వు ఉంటుంది. నీ బండికి ఉందో లేదో చూసుకో. ఉన్నా దాన్నే నమ్ముకుని ఉండకు.

ఒకవేళ పంపు అప్పటికే కాలిపోతుంటే, బ్రాంచీ ఎవరి వైపూ తిప్పి తెరవొద్దని ముందు కేక వెయ్యి. ఇంజిన్ ఐడ్లింగ్‌కు తెచ్చి, ట్యాంకు వాల్వు మెల్లగా తెరువు. డ్రెయిన్ కాక్ (పంపులోని నీళ్లు వదిలే కుళాయి) దగ్గర చెయ్యి పెట్టకు. నీళ్లు లేకుండా తిరగడం వల్ల వేడెక్కితే పంపు ఆపి, దానంతట అదే చల్లారనివ్వు. మీద చన్నీళ్లు పోస్తే కేసింగ్ పగలొచ్చు.

గ్లాండ్ ప్యాకింగ్ (షాఫ్ట్ చుట్టూ కూరే తాడులాంటి సీలు) ఉన్న పాత పంపయితే పంపు నడిచేటప్పుడు చుక్క చుక్కగా కారాలి. కారుతోంది కదా అని బిగించేస్తే షాఫ్ట్ దగ్గర మాడుతుంది. మెకానికల్ సీల్ ఉన్నదైతే కారకూడదు.

ఇక మీ మెకానిక్ మాట. నిలబెట్టి గంటల తరబడి పంపు నడిపితే ఇంజిన్ కూడా వేడెక్కుతుంది, ఎందుకంటే బండి పరిగెత్తేటప్పటి గాలి రేడియేటర్‌కు తగలదు. అందుకే చాలా బండ్లలో పంపు నుంచి ఇంజిన్ కూలింగ్‌కు ఒక సన్నటి పైపు, దానికో వాల్వు, లోపల చిన్న జల్లెడ ఉంటాయి. నాచు నీళ్లు వాడిన ప్రతిసారీ ఆ జల్లెడ తీసి కడుగు. ఎవరూ పట్టించుకోని భాగం అది.

ప్రశ్న: నల్గొండ జిల్లాలో బత్తాయి తోట మాది. బావి మీద 5 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు, డ్రిప్ ఉన్నాయి. ఒక మడి వాల్వు కట్టి రెండోది తిప్పడానికి నడిచి వెళ్లేసరికి పంపు వేడెక్కి, దాని పక్కన పీవీసీ పైపు మెత్తబడి వంగింది. అన్నా, మోటారు పాడైందా?

జవాబు: లేదు తమ్మీ, పైన చెప్పినదే మీ బావి దగ్గరా జరిగింది. మీ పంపులో పట్టే నీళ్లు ఇంకా తక్కువ, అందుకే తొందరగా కాగాయి. 60 డిగ్రీల దగ్గరికి వస్తే పీవీసీ బలం పోతుంది. ఇకనుంచి రెండో మడి వాల్వు ముందు తెరిచి, తర్వాత మొదటిది కట్టండి. ఫిల్టరుకు ముందు ఒక టీ వేసి, బావిలోకి నీళ్లు తిరిగి పడేలా బైపాస్ పెట్టించుకుంటే ఇంకా మంచిది. వంగిన ముక్క కోసి కొత్తది వేయించండి, దాన్నే నిటారు చేసి వాడొద్దు. బావిలో పైపు చివరనున్న ఫుట్‌వాల్వు కూడా ఒకసారి పైకి తీయించి చూడండి. దాని జల్లెడకు ఆకులు చుట్టుకుంటే నీళ్లు సరిగా అందక కూడా పంపు కాగుతుంది.