జేబులో ఇమిడే పనిముట్టు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి శీర్షిక మొత్తం మల్టీటూల్‌కే, అంటే కత్తి, స్క్రూడ్రైవర్, ప్లయర్ లాంటివన్నీ మడిచి ఒకే పిడిలో ఇమిడ్చిన పనిముట్టుకే, కేటాయిస్తున్నాం. ఒడిశా వైపు నుంచి, మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకటే అడుగుతున్నాయి: ఇన్ని రకాల్లో ఏది కొనాలి?

ప్ర: దుకాణంలో రోజంతా అట్టపెట్టెలు కోయడం, పురికొస తెంచడం, కాటా స్క్రూలు బిగించడం, అప్పుడప్పుడు కళ్ళజోడు స్క్రూ. ఒకదానికి 12 పనులు, ఇంకోదానికి 18 అని రాసి ఉంది. ఎక్కువున్నదే కొనాలి కదా? – కిరాణా వ్యాపారి, బరంపురం

జ: అక్కర్లేదండి. ముందు ఆ లెక్క ఎలా వస్తుందో చూడండి. లెదర్‌మన్ కంపెనీ వేవ్ ప్లస్‌కి 18 అంటారు. అందులో అయిదు ఒక్క ప్లయర్ మూతిలోనే అయిపోతాయి: సన్నముక్కు, దాని వెనక లావు పట్టు, తీగ కోసేది, గట్టి తీగ కోసేది, వైరు చివర లగ్గు (కొసకి తొడిగే లోహపు ముక్క) నొక్కేది. పిడి మీద చెక్కిన స్కేలు గీతలు కూడా అందులో ఒకటి. అబద్ధమేమీ కాదు గాని, 18 అన్నారు కదాని మీకు 18 పనులు జరగవు. మల్టీటూల్ కొనేవాళ్ళు మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే, ప్లయర్ కావాలా వద్దా. బరువు, ధర, జేబులో ఇమడడం, అన్నీ దాన్నిబట్టే మారతాయి.

మీరు రాసిన పనుల్లో ప్లయర్ పని ఒక్కటీ లేదు. వేవ్ ప్లస్ 241 గ్రాములు. చొక్కా జేబులో వేస్తే జేబు వేలాడుతుంది, రెండో వారానికల్లా గల్లాపెట్టెలో పడి ఉంటుంది. మీకు విక్టోరినాక్స్ కంపెనీ మడత కత్తుల్లో 91 మిల్లీమీటర్ల రకం చాలు, వంద గ్రాముల లోపే. అందులో సూపర్ టింకర్‌కి రెండు కత్తులు, కత్తెర, స్టార్ స్క్రూడ్రైవర్ ఉంటాయి. కాని ఒక సంగతి. కళ్ళజోడుకి పనికొచ్చే బుల్లి స్క్రూడ్రైవర్‌ని సీసా బిరడా తీసే మెలికలోనే తిప్పి పెట్టుకోవాలి. సూపర్ టింకర్‌కి ఆ మెలిక లేదు, స్టార్ స్క్రూడ్రైవర్ దాని చోటు తీసుకుంది. కళ్ళజోడు పని తరచుగా పడేటట్టయితే ఆ మెలిక ఉన్న క్లైంబర్ రకం తీసుకోండి. దానికి విడిగా స్టార్ ఉండదు గాని, డబ్బా మూత కోసే పలక కొన చిన్న, మధ్యరకం స్టార్ స్క్రూలను బాగానే తిప్పుతుంది. బుల్లి స్క్రూడ్రైవర్ కొన్ని రకాల్లో లోపలే వస్తుంది, కొన్నింటికి విడిగా కొనాలి. అడిగి తీసుకోండి.

టేపు కోసే కత్తికి జిగురు అంటుకుంటుంది, అది కీలులోకి దిగితే కత్తి బిగుసుకుపోతుంది. గుడ్డకి కాస్త కిరసనాయిలు అద్ది వారానికోసారి తుడవండి.

ప్ర: మాది సిరొంచ తాలూకా. మిర్చి, పత్తి వేస్తం. చేనుకాడ డ్రిప్పు పైపులు కోసుడు, కంచె తీగ కట్టుడు, గోనె సంచులు కుట్టుడు, అన్నిటికి ఒక్కటి చాలుతదా? లెదర్‌మన్‌ల వేవ్ మంచిదా, రీబార్ మంచిదా? – రైతు

జ: చాలుతుంది. మీకు ప్లయర్ తప్పదు, దబ్బనం కూడా తప్పదు. ఈ రెండో మాటతోనే మీ ప్రశ్న తేలిపోయింది. రీబార్‌లో దారం దూర్చే బెజ్జంతో దబ్బనం ఉంది, వేవ్‌లో అసలు దబ్బనమే లేదు. బరువు కూడా రీబార్‌దే తక్కువ, 189 గ్రాములు. వేవ్‌కి ఒక పెద్ద సుఖం ఉంది: కత్తులు రెండూ, రంపం, ఆకురాయి బయటివైపే ఉంటాయి, ప్లయర్ విప్పకుండా ఒంటిచేత్తో తీయవచ్చు. రీబార్‌లో అన్నీ పిడుల లోపలే, ప్రతిసారీ ముందు పిడులు విప్పాలి. ఒక చేత్తో పైపు పట్టుకొని ఉన్నప్పుడు అది విసుగే. అయినా సంచులు కుట్టేవారికి మా మాట రీబారే.

దబ్బనంతో కుట్టే పద్ధతి ఇది. సుతిలి బెజ్జంలోంచి లాగి, కుట్టాల్సిన పొడవుకి ఒకటిన్నర రెట్లు కొస అవతలివైపు వదలండి. దబ్బనాన్ని రెండు పొరల్లోంచి దింపి కొద్దిగా వెనక్కి లాగితే అవతల చిన్న ఉచ్చు నిలుస్తుంది. ఆ ఉచ్చులోంచి అవతలి కొసను దూర్చి, రెండు వైపులా సమంగా బిగించండి. ఇలా కుట్టింది ఒక చోట తెగినా అంతా ఊడిరాదు. దబ్బనాన్ని ఎప్పుడూ నిటారుగా దించాలి. పక్కకి వంచితే కొన విరుగుతుంది.

సన్నని బైండింగ్ తీగ అయితే ప్లయర్ అంచు సులువుగా కోస్తుంది. ముళ్ళకంచె తీగ మాత్రం కీలు దగ్గర లోతుగా ఉండే నొక్కులోనే పెట్టాలి. ఒకేసారి తెంచాలని పట్టుబట్టకండి. గట్టిగా నొక్కి గాటు పెట్టి, తీగని అటూ ఇటూ వంచితే విరుగుతుంది. ప్లయర్‌ని మెలితిప్పితే ఆ కోసే పలకలకి లొట్టలు పడతాయి. రీబార్‌లోనూ వేవ్‌లోనూ ఆ పలకలు మరలు విప్పి మార్చుకునేవే, అదొక ధీమా. డ్రిప్పు పైపు మాత్రం పళ్ళ కత్తితో కోయకండి. అంచు పీచులా రేగి, జాయినరు దగ్గర నీరు కారుతుంది. నున్నటి కత్తితో, పైపుకి అడ్డంగా, తిన్నగా కోయాలి.

ప్ర: రాయగడ నుంచి ఘాట్ రోడ్ల మీద రోజూ బైకు. దారిలో ఇబ్బంది వస్తే ఇది చాలునా? ఇంట్లో కరెంటు పనికి కూడా వాడొచ్చా? – ఉద్యోగి

జ: రెండో ప్రశ్నకి ముందు జవాబు: లైను ఉండగా వద్దు. పిడి ఆసాంతం లోహం, ఎక్కడా ఇన్సులేషన్ లేదు. ఇంటి కరెంటు 230 వోల్టులు. పిడికి రబ్బరు తొడుగులా కనిపించినా అది పట్టుకోసం పెట్టిందే. మెయిన్ దించి, టెస్టరుతో చూసి, ఆ తరువాతే స్విచ్ బోర్డు విప్పండి. రోజూ కరెంటు పని చేసేవాళ్ళు 1000 వోల్టుల గుర్తున్న ప్లయర్ విడిగా పెట్టుకోవాల్సిందే.

బైకు విషయానికొస్తే, ప్లయర్‌తో నట్టు విప్పకండి. 10, 14 సైజు నట్ల మూలలు గుండ్రమైపోతే ఆ తరువాత స్పానరు కూడా పట్టదు. బండితో వచ్చిన కిట్టు సీటు కింద అలాగే ఉంచి, దానికి తోడుగా మల్టీటూల్ పెట్టుకోండి. తెగిన వైరు కలపడం, కేబులు కొస పట్టి లాగడం, పక్క మూత స్క్రూ తిప్పడం దీని పనులు. క్లచ్ కేబులు గట్టి ఉక్కు, దాన్ని లోతు నొక్కులో తప్ప కోయకండి.

స్టార్ స్క్రూ తల అరిగిపోవడానికి కారణం చాలాసార్లు మీ బలం కాదు. జపాన్ కంపెనీల బళ్ళలో కొన్ని స్క్రూల గాడి మామూలు స్టార్‌కి కొద్దిగా తేడా. అలాంటి కొన్నింటి తల మీద చిన్న చుక్క ఉంటుంది. అక్కడ మామూలు స్టార్ అడుగుదాకా కూర్చోదు, తిప్పగానే పైకి జారుతుంది. అరచేత్తో లోపలికి నొక్కుతూ తిప్పండి, కదలకపోతే మెకానిక్‌కి వదిలేయండి. తల పూర్తిగా పోయాక అతనూ చేయగలిగింది తక్కువే.

ప్ర: గోపాల్‌పూర్‌లో వేట పడవ మాది. స్టెయిన్‌లెస్ అని కొన్నాం, నెల తిరక్కుండా తుప్పు చుక్కలు. మోసమా? – మత్స్యకారుడు

జ: మోసం కాకపోవచ్చు. కత్తికి వాడే స్టెయిన్‌లెస్‌లో క్రోమియం 13 శాతం దగ్గర ఉంటుంది. పదును నిలవాలంటే కార్బన్ కావాలి, కార్బన్ పెరిగేకొద్దీ తుప్పుని ఆపే శక్తి తగ్గుతుంది. వంటింటి గిన్నెల స్టీలు వేరు, కత్తి స్టీలు వేరు. ఉప్పు తడి కీళ్ళలో నిలిస్తే సూదిమొనంత గుంటలు పడతాయి, అవి లోపలికి తింటాయి.

పడవ దిగగానే మంచినీళ్ళలో ముంచి, ప్రతి పలకనీ అయిదారుసార్లు తెరిచి మూయండి. గుడ్డతో తుడిచి, అన్నీ విప్పి గాలికి ఆరబెట్టండి. పూర్తిగా ఆరాక ప్రతి కీలుకీ కుట్టుమిషను నూనె ఒక్క చుక్క. కొబ్బరినూనె, ఆవనూనె వేయకండి, కొన్నాళ్ళకి బంకలా గట్టిపడతాయి. వచ్చిన చుక్కల్ని కిరసనాయిలుతో పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్దండి. బాత్రూము యాసిడ్ దగ్గరికి రానీయకండి, దానిలో ఉన్నది ఉప్పులో ఉండే క్లోరైడే. తోలు సంచి కూడా వద్దు, ఉప్పు తడిని పీల్చి పెట్టుకుంటుంది. నైలాను సంచి మేలు.

మీకు పళ్ళ కత్తి ఉన్నది కావాలి. తడి నైలాను తాడు మీద నున్నటి కత్తి జారుతుంది, పళ్ళది పట్టుకొని కోస్తుంది. కత్తి లాకు పడేది అయ్యుండాలి, ఊగే పడవలో లాకు లేని కత్తి వేళ్ళ మీదకే మడుచుకుంటుంది. పిడి రింగుకి తాడు కట్టి మొలకి ముడేసుకోండి.

ప్ర: బల్లార్షా బజారులో తక్కువ ధరవి దొరుకుతున్నాయి. అయస్కాంతానికి అంటకపోతే అసలు స్టెయిన్‌లెస్ అంటున్నాడు దుకాణదారు. నిజమేనా? – విద్యార్థి

జ: కత్తి విషయంలో ఆ పరీక్ష తలకిందులు. కాచి గట్టిపరచగలిగిన కత్తి స్టెయిన్‌లెస్ అయస్కాంతానికి అంటుతుంది. అంటలేదంటే గిన్నెల స్టీలుతో చేశారన్నమాట, పదును నిలవదు.

దుకాణంలోనే ఇవి చూడండి. ప్లయర్ మూసి వెలుతురుకి ఎత్తి పట్టండి: కొనలు రెండూ కలవాలి, పక్కకి జారకూడదు. ఒక కాగితం ముక్క కోసే అంచుల మధ్య పెట్టి నొక్కితే శుభ్రంగా తెగాలి. నలిగి మడత పడితే తీగ కూడా తెగదు. స్క్రూడ్రైవర్ కొన మూలలు చదరంగా ఉండాలి. ఒకటి తీస్తే పక్కవి రెండు కూడా లేచి వస్తే వదిలేయండి. పేరున్న కంపెనీ సరుకైతే విక్టోరినాక్స్ పెద్ద కత్తి మొదట్లో అక్షరాలు పదునుగా కొట్టి ఉంటాయి. లెదర్‌మన్ 25 ఏళ్ళ వారంటీ ఇస్తుంది, బిల్లు దాచుకోండి. వాడకంలో అరిగినదానికి, తప్పుగా వాడి విరిచినదానికి వర్తించదు.

ప్ర: హ్యాండ్‌బ్యాగులో వేసుకునే చిన్నది ఏది? విమానంలో తీసుకెళ్ళనిస్తారా? – ఉపాధ్యాయిని, పర్లాకిమిడి

జ: విక్టోరినాక్స్ క్లాసిక్ ఎస్‌డీ, అమ్మా. మూస్తే 58 మిల్లీమీటర్లు, పాతిక గ్రాములు కూడా ఉండదు. కత్తెర, చిన్న కత్తి, గోటి ఆకురాయి, ముళ్ళు తీసే చిమటా ఉంటాయి. ఆ కత్తెర కోసమే కొనవచ్చు. విశాఖలోనైనా భువనేశ్వర్‌లోనైనా విమానం ఎక్కేముందు చెక్-ఇన్ సామానులో వేయండి. చేతిసంచిలో దొరికితే తనిఖీ దగ్గరే తీసుకుంటారు.

ప్ర: సాన పట్టేవాడికిస్తే కత్తి అంచు నీలంగా తిరిగింది, ఇప్పుడు రెండు రోజులకే మొద్దుబారుతోంది. – జయపురం

జ: తిరిగే సాన మీద నిప్పురవ్వలు లేచేటట్టు పడితే సన్నటి అంచు విపరీతంగా కాగుతుంది, ఉక్కు గట్టిదనం దిగిపోతుంది. నీలం కనిపించే మేర అంతా అరగదీస్తే తప్ప ఆ కత్తికి మళ్ళీ పదును నిలవదు. చేత్తో, నీళ్ళతో, ఓపిగ్గా తీయండి.

ఇకమీదట ఇంట్లోనే నూరుకోండి. రెండు వైపుల సానరాయి, గరుకు వైపు 400 నంబరు, నున్న వైపు 1000 నంబరు ఉంటే చాలు. కత్తిని రాయి మీద పడుకోబెట్టి దాని వీపు (పదును లేని వైపు) ఎత్తండి. 15 మిల్లీమీటర్ల వెడల్పు కత్తికి 5 మిల్లీమీటర్లు ఎత్తితే దాదాపు 20 డిగ్రీలు. రూపాయి బిళ్ళలు అంత ఎత్తు పేర్చి కళ్ళకి అలవాటు చేసుకోవచ్చు. గరుకు వైపు ఒక పక్కే నూరుతూ పొండి, అంచు అవతలివైపు గోటికి సన్నటి గరుకు తగిలేదాకా. మొదటి నుంచి కొనదాకా తగలాలి. తగలని చోట పదును రాలేదన్నమాట. అప్పుడు రెండో పక్క అలాగే. ఆ తరువాత నున్న వైపు, ఒత్తిడి తగ్గిస్తూ, పక్కకొకసారి చొప్పున మార్చి మార్చి పది పదిహేనుసార్లు. చివర పాత తోలు బెల్టు లోపలివైపు మీద వీపు ముందుగా లాగితే మిగిలిన గరుకు పోతుంది. వార్తాపత్రిక అంచుని పీచు లేవకుండా కోసిందంటే పదును వచ్చినట్టే.